ఏబదియేండ్ల సభాసదుడు

పల్లెటూరి రైతుకుటుంబమున పుట్టి, దేశమునకు చట్టములు చేయు సభలలో ఏబది సంవత్సరములకు పైగా కూర్చుండి, తొంబదియవ యేట గాని ఆ యాసనమును విడువని మనుష్యుడు ఏ దేశమునను అరుదుగానే కనిపించును. అట్టివారొకరు మన తెలుగునాటనే యుండిరి. వారు గుంటూరు జిల్లా నిడుబ్రోలు గ్రామవాస్తవ్యులైన ఆచార్య గోగినేని రంగనాయకులుగారు. లోకము వారిని ఎన్. జి. రంగా యనియే యెరుగును. 1930 లో కేంద్ర శాసనసభలో నడుగిడినది మొదలు 1991 వరకు, నడుమ కొలది విరామములు దక్క, వారు ఏదో యొక సభలో సభ్యులుగానే యుండిరి. ఇంతకాలము ప్రజాప్రతినిధిగా నున్నందులకు వారి పేరు గిన్నిస్ రికార్డుల గ్రంథమున కెక్కినది. పాఠక సోదరీమణులలో పెద్దవారికి ఈ పేరు చిరపరిచితము. చిన్నవారికి మాత్రము ఒక వ్యవసాయ విశ్వవిద్యాలయపు నామఫలకముగనే తెలిసియుండును. ఆ ఫలకము వెనుకనున్న మనుష్యుని గూర్చి కొంత చెప్పవలెనని మా సంకల్పము.

కంభమున గూర్చుండి నిడుబ్రోలువారి చరిత్ర వ్రాయనేల యని కొందరడుగవచ్చును. రంగాగారు మా ప్రాంతమునుండి ఎన్నడును ఎన్నిక కాలేదు. వారిది కృష్ణ కాలువల క్రింది పచ్చని సీమ. మాది నల్లమల నీడన గుండ్లకమ్మను నమ్ముకొన్న సీమ. మా చెరువు కొండల నడుమ ఏటి కడ్డముగా వేసిన కట్టచే నేర్పడినది. గజపతుల ఆడబడుచును విజయనగర ప్రభువుల యింటి కోడలును అయిన వరదరాజమ్మ దీనిని కట్టించెనని జనశ్రుతి. ఈ చెరువునకు 2020 లో ప్రపంచ నీటిపారుదల వారసత్వ కట్టడములలో స్థానము లభించినది. గౌరవము లభించినదే గాని వాన కురిసిన యేట మాగాణి, కురియని యేట బీడు అను మా వ్రాత యందువలన మారలేదు. చెరువు క్రింద వరి, చెరువు దాటిన పిదప జొన్న, కంది, ఆముదము. అదియు వానదేవుని దయ.

అయినను మాకును వారికిని ఒక బంధము గలదు. 1800 లో నైజాము ప్రభువు ఇంగ్లీషువారికి దత్తము చేసిన మండలములలో మా సీమయు నొకటి. మన్రో దొర ఆ మండలములకు కలెక్టరుగా వచ్చి, జమీందారు నడుమ నుండ నక్కరలేకుండ, రైతు తన పేర పట్టా పొంది సర్కారునకు నేరుగా శిస్తు చెల్లించు రైతువారీ పద్ధతిని పాదుకొల్పెను. ఆ పట్టాకాగితము మన పల్లెయిండ్లలో ఎట్టి వస్తువో సోదరీమణులకు చెప్ప నక్కరలేదు. ఇంటి యిల్లాలు దానిని పెట్టె యడుగున, పెండ్లినాటి పట్టుచీర మడతలో, నగలకంటె భద్రముగ దాచును. నగలు తాకట్టునకు పోయి మరల రావచ్చును. పట్టా పోయిన మరల రాదు. ఆ పట్టాను గూర్చియే, దానిని రైతుచేత నిలుపుటను గూర్చియే, రంగాగారి ఏబదియేండ్ల వాదమంతయు సాగినది. కావున వారి కథలో మా పాలు కొంత గలదని మేము తలంతుము.

మావైపు శాసనసభ్యులు లేక కాదు. గిద్దలూరు ప్రాంతీయులైన పిడతల రంగారెడ్డిగారు 1968 నుండి 1972 వరకు రాష్ట్ర శాసనమండలికి అధ్యక్షులుగను, పిమ్మట 1974 వరకు శాసనసభకు స్పీకరుగను ఉండి, ఉభయసభలను నడపిన ఖ్యాతి గడించిరి. మార్కాపురమువైపు కమ్యూనిస్టు నాయకులు పూల సుబ్బయ్యగారి పేరు వెలిగొండ ప్రాజెక్టునకు పెట్టబడినది. మార్కాపురము పేర ఒక లోక్‌సభ స్థానము కూడ కొంతకాల ముండెడిది. 1962 లో అచ్చటినుండి గుజ్జుల యల్లమందారెడ్డిగారు ఎన్నికైరి. 1967 ఎన్నికలనాటికి ఆ స్థానమే లేకపోయెను. వీరందరును తలంపదగినవారే. కాని ఒకే విషయమును పట్టుకొని, తెల్లదొరల కాలమున మొదలుపెట్టి స్వరాజ్యము వచ్చిన నలువది నాలుగేండ్ల వరకు విడువక వాదించినవారు రంగాగారొక్కరే.

వారు 1900 సంవత్సరము నవంబరు 7 వ తేదీన జన్మించిరి. తండ్రి నాగయ్యగారు, తల్లి అచ్చమాంబగారు. గ్రామమున చదువు ముగించి, గుంటూరు క్రైస్తవ కళాశాలలో చేరి, పిదప ఇంగ్లండునకు పోయి ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రము నభ్యసించి 1926 లో పట్టము పుచ్చుకొనిరి. మద్రాసు పచ్చయప్ప కళాశాలలో అర్థశాస్త్రోపాధ్యాయులుగ పనిచేసినందున ఆచార్య బిరుదము వారి కంటుకొనిపోయినది. చదువుకొన్న రైతుబిడ్డ పట్టణమున కుదురుకొని, ఊరిపొలమును కౌలున కిచ్చివేయుట ఆ దినములలోనే మొదలైన యాచారము. రంగాగారు ఆ త్రోవ త్రొక్కలేదు.

యువకులుగ నున్నప్పుడే, 1923 లో, తమ యింటి మంచినీటి బావిని హరిజనులకు తెరచిరి. ఈ సంగతిని చరిత్రకారులు ఒక పంక్తిలో వ్రాసి ముందునకు సాగుదురు. మేము కొంచె మాగవలసి యున్నది. బావిని తెరచుట మగవాని యాజ్ఞచే నగు పనియే; కాని ఆ మరునాటి యుదయమున కడవ చంకనిడుకొని ఆ బావికి పోవలసినది ఆడది. గిలకపైన చేద వేయునది ఆడది. ఇరుగుపొరుగు అమ్మలక్కల మాట పడవలసినదియు ఆడదే. నూరేండ్ల నాటి పల్లెలో బావియొద్ది నియమమును మార్చుట యన ఇంటి యాడువారందరి దినచర్యను మార్చుట. అప్పటి ఆ యింటి స్త్రీలు ఏమనిరో వ్రాసిపెట్టినవారు లేరు. వారి సమ్మతి లేక ఆ బావి తెరచి యుండజాలదని మాత్రము ఇల్లు నడపిన యే స్త్రీకైనను తెలియును.

రంగాగారు కేంద్ర శాసనసభకు పోయిన కాలము రైతులకు మిక్కిలి గడ్డుకాలము. 1929 తరువాత లోకమంతట వ్యాపారము కుప్పకూలి, ధాన్యపు ధరలు సగమునకు పడిపోయినవి. శిస్తు మాత్రము పడిపోలేదు. పైపెచ్చు కృష్ణా గోదావరీ మండలములలో రూపాయికి మూడణాల వంతున శిస్తు హెచ్చింప సర్కారు పూనుకొనెను. రెండు బస్తాల ధాన్యమమ్మి కట్టిన శిస్తునకు నాలుగు బస్తాలమ్మినను చాలని దినములవి. నగలు వడ్డీవ్యాపారి యింటికి నడచినవి. రంగాగారు రైతులను కూడగట్టి ఈ హెచ్చింపు నెదిర్చి, చెరసాలకు పోయిరి. నిడుబ్రోలులో రైతుయువకులకు రాజకీయ శిక్షణమిచ్చు విద్యాలయమును నెలకొల్పిరి. శిస్తులెక్క కట్టుట, అర్జీ వ్రాయుట, సభలో లేచి మాటాడుట, ఇవి యచ్చటి పాఠములు. కరణముగారి చిట్టా చదువలేని రైతు ఎన్నటికిని మోసపోవుచునే యుండునని వారి యభిప్రాయము. ఇది సత్యము. చిట్టా చదువలేని రైతుభార్య సంగతి ఆ విద్యాలయమువారు ఎంత యాలోచించిరో మాకు సందేహమే.

1936 లో లక్నోనగరమున అఖిలభారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షులు, రంగాగారు కార్యదర్శి. ఆ సంవత్సరములలో ఆంధ్ర రైతుసంఘమువారు చేసిన యాత్రను గూర్చి చెప్పక ముందునకు పోరాదు. ఉత్తరమున ఇచ్ఛాపురమునుండి బయలుదేరి, తొమ్మిది జిల్లాలు దాటి, 1,500 మైళ్ళకు పైగా 130 దినములు రైతులు నడచిరి. నడచినవారు రెండువేలకు పైబడి యుండిరి. దారిపొడవునను సభలు జరిపి, 1,100 కు మించిన అర్జీలు సేకరించి, 1938 మార్చి 27 న మద్రాసులో శాసనసభకు సమర్పించిరి. ఆ యర్జీలలో నేమున్నదని యడిగిన, జమీందారుల వెట్టి, అడవిలో పుల్లలేరుకొనుటకు సుంకము, పశువుల మేపునకు పుల్లరి, తీర్చినను తీరని అప్పు. ఆ యేటనే మద్రాసు రాష్ట్రమున రైతు ఋణవిమోచన చట్టము వచ్చినది. టంగుటూరి ప్రకాశముగారి యాధ్వర్యమున జమీందారీ విచారణసంఘము తన నివేదికను సమర్పించినది. జమీందారీలు పదేండ్ల తరువాత, 1948 చట్టముతో గాని పోలేదు. ఒక్క యర్జీ సభాభవనపు మెట్లెక్కి చట్టమై దిగుటకు ఎంతకాలము పట్టునో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

ఈ సందర్భమున గున్నమ్మను తలంపకుండుట పాపము. శ్రీకాకుళమువైపు మందస జమీందారీలో అడవిహక్కులకై రైతులు పోరాడినప్పుడు, 1940 ఏప్రిల్ 1 వ తేదీన పోలీసు కాల్పులలో ప్రాణము విడిచినవారిలో సాసుమాన గున్నమ్మ యొకతె. ఆమె ఏ సభలోను సభ్యురాలు కాదు, ఏ తీర్మానముపైనను ఓటు వేయలేదు. అరెస్టయిన తన యూరివారిని తీసికొనిపోవుచుండగా అడ్డుపడిన పల్లెపడుచు. ఆ ప్రాంతము వారామెను వీరగున్నమ్మ యని కొలుతురు. ఐర్లండు దేశమునను రైతుపోరాటము ఇట్టిదియే. అచ్చటి భూమిసంఘపు నాయకులను 1881 లో చెరసాలలో పెట్టినప్పుడు, అన్నా పార్నెల్ అను నామె స్త్రీల భూమిసంఘమును నడపి, ఇండ్లనుండి వెళ్లగొట్టబడిన కుటుంబములకు గుడిసెలు కట్టించి యిచ్చెను. మగవారు విడుదలైన పిమ్మట ఆ స్త్రీసంఘమును మూయించివేసిరి. కష్టకాలమున ముందునకు రమ్మని, మంచికాలమున లోనికి పొమ్మనుట సముద్రము కావలనైనను ఈవలనైనను ఒకటియే.

స్వరాజ్యము వచ్చు దినములలో రంగాగారు ఆంధ్ర కాంగ్రెసునకు అధ్యక్షులుగ నుండి, రాజ్యాంగసభలోను సభ్యులైరి. జవాహర్‌లాల్ నెహ్రూగారు ఆశయముల తీర్మానమును ప్రవేశపెట్టినప్పుడు రంగాగారు చేసిన ప్రసంగము నేటికిని చదువదగినది. అల్పసంఖ్యాకుల హక్కులను గూర్చి సభయందు వాదము నడచుచుండెను. ఏ మతమువా రెందరు, ఎవరికెన్ని స్థానములు అను లెక్కలు సాగుచుండెను. రంగాగారు లేచి, నిజమైన అల్పసంఖ్యాకులు ఈ దేశపు సామాన్యజనమే యనిరి. అడవులలోని గిరిజనులు వర్తకులచే మోసపోవుచున్నారనియు, పల్లెవారికి ప్రాథమిక విద్యయైనను లేదనియు, జమీందారులును వడ్డీవ్యాపారులును వారిని బానిసలవలె కట్టి వైచుచున్నారనియు, రాజ్యాంగమున ఎన్ని హక్కులు వ్రాసినను వానిని వాడుకొను శక్తి వారికి కలిగింపనిదే వ్రాత వ్రాతగనే యుండుననియు వాదించిరి. సంఖ్యచే నధికులైనవారు బలముచే నల్పులు కావచ్చు నను ఈ మాట, పట్టణపు న్యాయవాదులతో నిండిన ఆ సభలో, నాగలి పట్టిన యింటినుండి వచ్చినవారు గాన చెప్పగలిగిరని మా యూహ.

ఇక వారి పార్టీల చరిత్ర. ఇందు విషయము కొంత చిక్కు. 1951 లో రాష్ట్ర కాంగ్రెసు అధ్యక్షపదవి నీలం సంజీవరెడ్డిగారికి దక్కిన పిమ్మట రంగాగారు కాంగ్రెసును వీడి కృషికార్ లోక్ పార్టీని స్థాపించిరి. 1955 లో అది కాంగ్రెసుతో చేయికలిపినది, ఆయనయు తిరిగి కాంగ్రెసులోనికి వచ్చిరి. 1959 లో మరల వెడలి, రాజగోపాలాచారిగారితో కలిసి స్వతంత్రపార్టీని స్థాపించి, దానికి ప్రథమాధ్యక్షులైరి. ఆ పార్టీ క్షీణించిన తరువాత మూడవమారు కాంగ్రెసులోనే తేలిరి. స్థానములును ఇట్లే మారినవి. 1952 లో రాజ్యసభ, 1957 లో తెనాలినుండి లోక్‌సభ, 1962 లో చిత్తూరు ఉపయెన్నిక, 1967 లో శ్రీకాకుళము. 1971 లో ఓటమి. 1977 నుండి మరల రాజ్యసభ. 1980, 1984, 1989 ఎన్నికలలో గుంటూరు.

ఐర్లండున పాట్రిక్ స్మిత్ అను రైతునాయకుడు కావన్ మండలమునుండి 1923 లో ఎన్నికై, 1977 వరకు అదే ప్రాంతమునకు, అదే సభలో, ఏబది మూడేండ్లకు పైగా ప్రాతినిధ్యము వహించెను. వ్యవసాయమంత్రిగ నుండి 1964 లో ప్రభుత్వము కార్మికసంఘములకు మితిమీరి లొంగుచున్నదని కోపించి రాజీనామా ఇచ్చెను గాని మండలమును మార్చలేదు. ఒకే పొలమును తరతరములు దున్నువాని స్థైర్యము ఆయనది. మన రంగాగారిది వేరొక విధము. తెనాలి త్రోసిపుచ్చిన చిత్తూరునకు, అచ్చటినుండి శ్రీకాకుళమునకు. ఒక తోటలో నీరింకిన మరియొక చోట బావి త్రవ్వు రైతువలె నని యనవచ్చును. చపలచిత్తులని గిట్టనివారు అనకపోలేదు. రెండుమారులు వెడలి రెండుమారులు తిరిగి వచ్చిన మనుష్యుని గూర్చి అట్టిమాట పుట్టుట సహజము.

మా తీర్పు వేరు. పార్టీ మారినప్పుడెల్ల వారి మాట మారినదా యని చూడవలెను. మారలేదు. 1930 లో రైతుపొలము రైతుకే యన్నారు. శత్రువు అప్పుడు జమీందారు. 1959 లోను అదే యన్నారు; అప్పటికి జమీందారు లేడు, ప్రభుత్వమే ఎదుట నిలిచినది. ఆ యేడు జనవరిలో నాగపూరు కాంగ్రెసు మహాసభ, పల్లెల పొలములను కలిపి ఉమ్మడి సహకార వ్యవసాయము చేయవలెనని తీర్మానించినది. పైకి వినుటకు ఇంపైన మాటయే. చిన్నకమతములు కలిసిన యంత్రములు వచ్చును, పంట పెరుగును అనిరి. ఉత్తరదేశమున చరణసింగుగారును ఇచ్చట రంగాగారును దీనిని ప్రతిఘటించిరి. గట్టు చెరపిన పొలమున ఎవని శ్రమ ఎంతయో తేల్చువారెవరు? సంఘపు గుమాస్తా. ఎవని కెంత గింజ యిచ్చువారెవరు? ఆ గుమాస్తాయే. జమీందారును దింపి గుమాస్తాను కూర్చుండబెట్టుట రైతునకు లాభము కాదని వారి వాదము. ఉమ్మడికుటుంబములో ఏడుగురు తోడికోడండ్రతో వంటయిల్లు పంచుకొన్న సోదరీమణులు ఈ వాదములోని బలమును ఇట్టే గ్రహింతురు. రష్యా చైనాలలో బలవంతపు ఉమ్మడివ్యవసాయము కరవును తెచ్చిన సంగతి తరువాత లోకమెల్ల నెరిగినదే. మన దేశమున నాగపూరు తీర్మానము కాగితముపైననే యుండిపోయినది.

1964 లో రాజ్యాంగపు పదునేడవ సవరణ వచ్చినది. అదివరకు ఎస్టేటు అను మాటకు జమీందారీ, ఇనాము మున్నగునవియే అర్థము. ఎస్టేటు భూమిని ప్రభుత్వము తీసికొన్న న్యాయస్థానమున మొరపెట్టుకొను వీలు మిక్కిలి తక్కువ. ఈ సవరణచే రైతువారీ పట్టాభూమియు ఎస్టేటు అను మాటలో చేర్చబడినది. అనగా మన్రోనాటినుండి పట్టాదారుడైన కంభము రైతును చట్టము దృష్టిలో వేంకటగిరి రాజాగారి ప్రక్కన కూర్చుండబెట్టినారు. నవ్వవలెనో యేడ్వవలెనో తెలియదు. స్వతంత్రపార్టీ పక్షమున రంగాగారు లోక్‌సభలో దీని నెదిర్చిరి. సవరణ నెగ్గినది. అయితే స్వయముగ సాగు చేసికొను రైతు భూమిని, గరిష్ఠపరిమితికి లోబడిన దానిని, ప్రభుత్వము తీసికొనదలచిన బజారుధరకు తక్కువ కాని పరిహార మీయవలెనను నిబంధన అందులో చోటుచేసికొన్నది. ఈ నిబంధన వలన రైతుకు కలిగిన రక్ష సామాన్యమైనది కాదు. ప్రతిపక్షము ఓడిపోవుచుండియు సభలో కూర్చుండుటవలన ప్రయోజనమేమని యడుగువారికి ఇట్టి నిబంధనలే జవాబు. సంఖ్య లేనివారు చట్టము నాపలేరు. కాని ప్రతి వాక్యముకడ నిలిచి యిదేమని యడుగువారొకరు సభలో నున్నప్పుడు చట్టము వ్రాయువారు కొంత జాగ్రత్తగ వ్రాయుదురు.

ఇంతవరకు మెచ్చుకొంటిమి. మెచ్చుకొనజాలని దానిని కూడ చెప్పవలెను. రంగాగారి రైతు పట్టాగల రైతు. నాట్లు వేయు కూలి, కలుపు తీయు కూలి, ఇతరుల చేలో పరిగె ఏరుకొను ముసలి, వీరందరును పల్లెవారే కదా. భూమికి గరిష్ఠపరిమితి పెట్టుట యన రంగాగారు కనుబొమలు ముడుచుచుండిరి. పంచుటకు భూమి యెక్కడినుండి రావలెనో వారి వాదములో స్పష్టమైన సమాధానము మాకు కానరాలేదు. వ్యవసాయకూలీలను వేరుగ సంఘటించిన సుందరయ్య మున్నగు కమ్యూనిస్టులు ఈ లోపమునే యెత్తిచూపిరి. కిసాన్ సభలో రంగాగారికిని వామపక్షమువారికిని పొసగక వేరుపడుటకును కారణములలో నిదియొకటి.

రెండవది మనది. పట్టా యెవరి పేర? పురుషుని పేర. ఏ యింట చూచినను పొలముపనిలో సగమునకు పైగా ఆడువారిది. విత్తనము దాచునది ఆమె, నారు పీకి నాటునది ఆమె, కలుపు తీయునది ఆమె, కుప్ప నూర్చినప్పుడు చేట పట్టునది ఆమె. అయినను జమాబందీ నాడు తహశ్శీలుదారు పేరు పిలిచినప్పుడు పలుకువాడు ఆయన. రైతుకు భూమి కావలెనని ఢిల్లీలో ఏబదియేండ్లు వినిపించిన కంఠము, రైతుభార్యకును రైతుకూతురునకును కావలెనని అంత గట్టిగ పలికినట్లు మాకు తోపదు. 1956 నాటి హిందూ వారసత్వచట్టమును కూతురికి ఉమ్మడియాస్తిలో కొడుకుతో సమానమైన జన్మహక్కు నీయలేదు. ఆ హక్కు ఆంధ్రప్రదేశమున 1985 సెప్టెంబరు 5 నుండి రాష్ట్రపు సవరణచట్టముచే లభించినది. దేశమున కంతకును 2005 లో లభించినది. ఢిల్లీకంటె ఇరువదియేండ్లు ముందుగ మన శాసనసభ ఈ పని చేసినది. ఈ హక్కు చట్టమున నున్నను, పుట్టింటివారు పసుపుకుంకుమ పేర చీరపెట్టి కాగితముపై వ్రేలిముద్ర వేయించుకొను ఆచారము మావైపు ఇంకను పూర్తిగ పోలేదు. వ్రేలిముద్ర వేయుటకు ముందు ఆ కాగితము నొకమారు చదివించుకొనుడని మాత్రము మా చెల్లెండ్రకు చెప్పుచున్నాము.

రంగాగారి యర్ధాంగి భారతీదేవిగారిని గూర్చి వారి జీవితకథలలో దొరకునది స్వల్పము. 1924 లో వివాహము. ఆమెయు జాతీయోద్యమమున భర్తతో కలిసి నడచినది. శాసనసభ్యుని యిల్లు ఎట్లుండునో పల్లెలలో మనమెరుగుదుము. తెల్లవారక మున్నే అరుగుపై అర్జీదారులు. ఒకనికి పంటనష్టము, ఒకనికి కోర్టుచిక్కు, ఒకని కొడుకునకు కొలువు. వచ్చినవారికి మజ్జిగయైనను ఈయక పంపరాదు. యజమాని సభలకై ఢిల్లీలో నుండగా వచ్చినవారి మొర విని, గుర్తుంచుకొని, ఉత్తరము వ్రాయించి పంపవలసినది ఇల్లాలు. ఏబదియేండ్ల సభాసభ్యత్వమున ఈ యరుగుపని సగపాలు. సభ నడచినచో దినవెచ్చము, ప్రయాణపు బండిచార్జీ సభ్యునికి ఇత్తురు. అరుగుపనికి వేతనము లేదు, గిన్నిస్ గ్రంథమున దానికి పుట యును లేదు. రంగాగారు ఆంగ్లమున తమ స్వాతంత్ర్యపోరాటము పేర ఆత్మకథ వ్రాసిరి. భారతీదేవిగారు కూడ వ్రాసియుండిన ఎంత బాగుండెడిదో యని మా కోరిక.

1989 నవంబరులో గుంటూరు వోటర్లు ఆయనను మరల లోక్‌సభకు పంపునప్పటికి ఆయనకు ఎనుబది తొమ్మిదేండ్లు నిండియున్నవి. ముదిమి వచ్చినవారు యువకులకు దారి యీయవలదా యని యడిగినవారు గలరు. ఆ ప్రశ్న తప్పు కాదు. మన పల్లెలలో తండ్రి కాడి దింపక కొడుకును నలువదియేండ్ల వరకు పాలేరువలె నుంచు కుటుంబములు మనమెరుగనివి కావు. 1991 లో ఆయన సభాజీవితము ముగిసినది. ఆ యేడే పద్మవిభూషణ బిరుదము లభించినది. 1995 జూనులో నిడుబ్రోలులో, పుట్టిన యూరిలోనే, కన్నుమూసిరి. గ్రామమునుండి బయలుదేరి ఆక్స్‌ఫర్డు, ఢిల్లీ తిరిగినవారు తుదకు ఊరిమట్టిలో కలియుట ఈ కాలమున అందరికిని సిద్ధించునది కాదు.

మరుసటి సంవత్సరము, 1996 లో, రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు ఆచార్య ఎన్. జి. రంగా పేరు పెట్టిరి. రాష్ట్రము రెండైన పిమ్మట దాని కేంద్రము గుంటూరు చెంత లాం గ్రామమున నెలకొన్నది. 1945 లో స్థాపితమైన బాపట్ల వ్యవసాయకళాశాల దాని క్రిందిదే. అది నిడుబ్రోలునకు కొలది మైళ్ళ దూరమున నున్నది. అచ్చట నిప్పుడు ఆడపిల్లలును చదువుచున్నారు. మట్టిని పరీక్షించుట, పురుగును గుర్తించుట, విత్తనమును మేలుచేయుట నేర్చి పట్టభద్రులగుచున్నారు. తల్లులకు చేతివేళ్ళతో తెలిసిన విద్యయే వీరికి గ్రంథములలో దొరకుచున్నది. మా కంభము, మార్కాపురము, గిద్దలూరు పల్లెలనుండి ఆ కళాశాలకు పోదలచిన కన్యలుండిన, ప్రవేశపు గడువు దాటకముందే పదవతరగతి, ఇంటరు పత్రములు సిద్ధముచేసికొనవలెను. గ్రామీణ విద్యార్థులకును వ్యవసాయకుటుంబముల వారికిని కొన్ని స్థానములు ప్రత్యేకించు నిబంధన గలదు. పట్టా నకలు దానికి కావలసి వచ్చును. ఆ పట్టా తండ్రి పేర నుండినను సరియే, తల్లి పేర నుండినను సరియే.